పుస్తకం దొరకాలి, పాఠకుడు దొరికిపోకూడదు: ఒక కేటలాగు ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

కోహా సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఒక పౌర గ్రంథాలయం. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ పుస్తకాలు, విషయాన్ని బట్టి నంబరు వేసే డ్యూయీ వర్గీకరణ. సగం కేటలాగు పాత కార్డుల నుంచి ఎక్కించింది, మిగతా సగం జెడ్39.50 అనే రికార్డు మార్పిడి పద్ధతి ద్వారా బయటి గ్రంథాలయాల నుంచి దించుకున్నది. గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్, ఇంటర్‌సెక్స్ జీవితాలకు సంబంధించిన పుస్తకాలు ఇక్కడ లేకపోలేదు, వెతికేవాళ్లకే దొరకడం లేదు. దొరికిన పుస్తకం ఇంటికి తీసుకెళితే ఆ సంగతి ఎన్ని చోట్ల రాసిపెట్టి ఉంటుందో ఎవరూ లెక్క చూడలేదు. ఈ రెండింటినీ ఒకే పనిగా పెట్టుకున్నాం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే మేలు కంటే కీడే ఎక్కువ.

కావలసినవి: అసలు సర్వర్‌కు నకలుగా ఒక టెస్ట్ సర్వర్, మార్క్ అనే రూపంలో (ప్రతి వివరానికీ మూడంకెల ఫీల్డు నంబరు ఉంటుంది) మొత్తం రికార్డుల ఎక్స్‌ఎంఎల్ ఎగుమతి, ఒక స్ప్రెడ్‌షీట్, ఇద్దరు కేటలాగర్లు. వీళ్లకు తోడు ఈ సముదాయాల నుంచి పదజాలం చూసిపెట్టే నలుగురు. ఆ నలుగురికీ గంటల లెక్కన పారితోషికం ముందే బడ్జెట్‌లో రాశాం. ఇలాంటి సలహాను ఉచితంగా అడగడం చాలా ప్రాజెక్టుల్లో మామూలైపోయింది, అది సరికాదు.

1వ వారం: ఉన్నది చూడటం

వెతకాల్సిన మాటల జాబితా తయారుచేశాం: స్వలింగ, ట్రాన్స్, హిజ్రా, హిజ్డా, కొజ్జా, నపుంసక, బృహన్నల, తృతీయ, థర్డ్ జెండర్, మూడో జెండర్, గే, లెస్బియన్, జోగప్ప, శివశక్తి, కోతీ. ఇంగ్లీషు రికార్డుల కోసం హోమోసెక్సువాలిటీ, సెక్సువల్ మైనారిటీస్, ట్రాన్స్‌సెక్సువల్స్, యూనక్స్. ప్రతి మాటకూ శీర్షిక, సబ్జెక్ట్, నోట్ ఫీల్డుల్లో విడివిడిగా వెతికి, వచ్చిన రికార్డుల నంబర్లు షీట్‌లో పెట్టాం.

మాటతో దొరికేవి సగమే. కథా సంపుటాల్లో, ఆత్మకథల్లో, పత్రికల ప్రత్యేక సంచికల్లో ఉన్నవాటికి సబ్జెక్ట్ ఫీల్డే లేదు. పాత కార్డు మీద రచయిత, పేరు, నంబరు మాత్రమే ఉండేవి మరి. వాటిని బీరువా దగ్గర నిలబడి విషయసూచికలు తిరగేసి పట్టుకోవాల్సిందే. ఒక మనిషి రోజుకు వంద పుస్తకాలకు మించి చూడలేడు. చూసినా కళ్లు అలిసి తప్పులు మొదలవుతాయి.

2వ వారం: నంబర్లు

డ్యూయీలో ఈ విషయానికి ఇల్లు 306.76. అందులో 306.765 బైసెక్సువాలిటీకి, 306.766 స్వలింగ ఆకర్షణకు, 306.7662 గే పురుషులకు, 306.7663 లెస్బియన్లకు, 306.768 ట్రాన్స్, ఇంటర్‌సెక్స్ విషయాలకు. స్వలింగ వివాహం వేరే చోట, 306.848 దగ్గర, పెళ్లి, కుటుంబం పక్కన ఉంటుంది. ఉండాల్సింది అక్కడే.

మా బీరువాల్లో కనిపించింది వేరు. సామాజిక అధ్యయనాలు కొన్ని 616.8583లో, అంటే లైంగిక రుగ్మతల పక్కన ఉన్నాయి. కొన్ని 306.74లో, వేశ్యావృత్తి కింద. ఇది ఒక్క గ్రంథాలయం చేసిన తప్పు కాదు. డ్యూయీ పాత ఎడిషన్లే ఈ విషయాన్ని మొదట మానసిక వికారాల్లో, తర్వాత సామాజిక సమస్యల్లో పెట్టాయి. పాత ఎడిషన్ చూసి నంబరు వేసిన కేటలాగరు తన ముందున్న పుస్తకంలో ఉన్నదే నమ్మాడు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో 1970లో గే లిబరేషన్ టాస్క్ ఫోర్స్ ఏర్పడ్డాక వాళ్లు మొదట పట్టుకున్న పనుల్లో ఇదీ ఒకటి. ఒక మనిషి తన గురించి తెలుసుకోవాలని వచ్చి రోగాల వరసలో నిలబడాల్సి రావడం ఏమిటని అడిగారు.

అయితే 616లో ఉన్న ప్రతిదాన్నీ పీకి 306కి తేకూడదు. నిజంగా వైద్య గ్రంథమైతే అక్కడే ఉండాలి. తెలుగులో అచ్చయిన చిన్న పుస్తకాల్లో పెద్ద భాగం ఎయిడ్స్ నివారణ కార్యక్రమాల కోసం వేసినవి. అవి 362.1969792లో సరిగ్గానే ఉన్నాయి. వాటికి నంబరు మార్చలేదు, పుస్తకం దేని గురించో చెప్పే సబ్జెక్ట్ హెడింగ్ ఒకటి అదనంగా చేర్చాం. పుస్తకం ఒక్క చోటే ఉండగలదు గానీ హెడింగులు ఎన్నయినా ఉండొచ్చు.

నంబరు మార్చిన ప్రతి పుస్తకానికీ చేయాల్సినవి ఐదు: రికార్డులో డ్యూయీ నంబరుండే 082 ఫీల్డు, బీరువాలో ఆ ప్రతి చోటు చెప్పే ఐటెమ్ కాల్ నంబర్, వెన్ను మీద లేబుల్, లోపలి అట్ట మీది పాత నంబరు, యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎర్ర సిరా గుర్తు. నాలుగోది మరిచిపోతాం. ఆరు నెలలకు ఎవరో బీరువా సర్దుతూ అట్ట లోపలి నంబరు చూసి పుస్తకాన్ని పాత చోటికే చేరుస్తారు.

3వ వారం: మాటలు

ఎక్కువ వాదన జరిగింది ఇక్కడే. తెలుగు పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్న మాట 'స్వలింగ సంపర్కం'. సంపర్కం అంటే శారీరక కలయిక. ఒకరి ప్రేమ, తోడు, జీవితం అంతటినీ పడకకు కుదించే మాట అది. ఇద్దరు వృద్ధ స్త్రీల సహజీవనం మీద వచ్చిన పుస్తకానికి ఆ హెడింగ్ పెడితే అబద్ధం రాసినట్టే. కాబట్టి ఆకర్షణ అనే అర్థానికి 'స్వలింగ ఆకర్షణ' తీసుకున్నాం. మనుషుల గురించి చెప్పేటప్పుడు వాళ్లు వాడుకునే మాటలే హెడింగులు: గే పురుషులు, లెస్బియన్ స్త్రీలు, బైసెక్సువల్ వ్యక్తులు, ట్రాన్స్ స్త్రీలు, ట్రాన్స్ పురుషులు, ఇంటర్‌సెక్స్ వ్యక్తులు. మొత్తానికి గొడుగుగా ఎల్జీబీటీక్యూ వ్యక్తులు.

హిజ్రాలు అనే హెడింగ్‌ను ట్రాన్స్ స్త్రీల కింద కలపలేదు. హిజ్రా అన్నది గురువు, చేలా (శిష్యురాలు), ఘరానా (వంశం) ఉన్న ఒక సామాజిక వ్యవస్థ కూడా. ట్రాన్స్ స్త్రీలందరూ హిజ్రాలు కారు. రెండింటి మధ్య 550 ఫీల్డ్‌తో 'ఇది కూడా చూడండి' సంబంధం పెట్టాం. దేవత సేవకు అంకితమైన ట్రాన్స్ సముదాయాలు శివశక్తులు, జోగప్పలు కూడా విడి హెడింగులే. ట్రాన్స్ వ్యక్తుల హక్కుల మీద 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నాల్సా తీర్పు శివశక్తులను పేరు పెట్టి చెప్పింది. జోగినులు వేరు. దేవతకు సమర్పించిన స్త్రీల మీది పుస్తకాలు అవి. 'జోగ' అని సగం మాటతో వెతికితే రెండూ కలిసి వస్తాయి కాబట్టి 680 స్కోప్ నోట్‌లో తేడా రెండు వాక్యాల్లో రాశాం.

హెడింగుగా ఏ మాట వాడాలో ఖరారు చేసే అథారిటీ రికార్డు రూపం ఇలా ఉంది. 150లో ఎంచుకున్న మాట. 450లో జనం వెతికే మిగతా మాటలు: స్వలింగ సంపర్కం, స్వలింగ సంపర్కులు, హోమోసెక్సువల్స్. 550లో బంధువులు. 667లో ఆ మాట ఎందుకు ఎంచుకున్నామో తేదీతో సహా, సిబ్బందికి మాత్రమే. పుస్తకం రికార్డులో తెలుగు హెడింగ్ 650లో, రెండో ఇండికేటర్ (మాట ఏ పదకోశానిదో చెప్పే అంకె) 4. దాని పక్కనే మరో 650, రెండో ఇండికేటర్ 7, సబ్‌ఫీల్డ్ 2లో హోమోఐటి అనే కోడ్. అది హోమోసారస్ పదకోశానికి గుర్తు. 1997లో నెదర్లాండ్స్‌లో ఎల్జీబీటీ గ్రంథ సేకరణల కోసం మొదలైన ఈ పదకోశాన్ని ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ప్రతి పదానికీ ఒక శాశ్వత గుర్తింపు చిరునామా ఉంటుంది. దాన్ని సబ్‌ఫీల్డ్ 0లో అతికించాలి, చేత్తో టైపు చేయకూడదు. ఒక్క అంకె తప్పితే వేరే పదానికి అతుక్కుంటుంది, తెర మీద ఏ తేడా కనిపించదు. బయటి నుంచి వచ్చిన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ హెడింగులను చెరపలేదు. వేరే గ్రంథాలయాలతో మార్పిడికి అవి కావాలి.

'కొజ్జా' అనే తిట్టును ఏం చేయాలన్నది రెండు సమావేశాలు తిన్నది. హెడింగుగా పెట్టే ప్రశ్నే లేదు. 450లో పెడితే అథారిటీ పేజీలో అందరికీ కనిపిస్తుంది. అసలు పెట్టకపోతేనో? తన మీద విసిరిన ఆ ఒక్క మాట తప్ప వేరే మాట తెలియని పదమూడేళ్ల పిల్లవాడు దాన్నే టైపు చేస్తాడు. వాడికి 'ఫలితాలు లేవు' అని చూపించడం మాకు నచ్చలేదు. చివరికి తగిన కొన్ని పుస్తకాల రికార్డుల్లో 697 అనే స్థానిక ఫీల్డ్ తెరిచి ఆ మాట అందులో పెట్టాం. పాఠకులు చూసే కేటలాగు (ఓపీఏసీ) ఫ్రేమ్‌వర్క్‌లో ఆ ఫీల్డ్‌ను దాచి, వెతుకులాటకు వాడే ఇండెక్స్ తిరిగి కట్టి, వెతికి చూశాం. మాట ఎక్కడా కనిపించదు, పుస్తకం మాత్రం వస్తుంది. రికార్డును ఫీల్డుల వారీగా చూపే మార్క్ వ్యూలో కూడా కనిపించకుండా ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

పుస్తక సారాంశం రాసే 520 ఫీల్డ్‌కు ఒక చిన్న నియమం. వ్యక్తి తన గురించి ఏ సర్వనామం వాడుకుంటే అదే. తెలియనప్పుడు 'వారు', దానికి తగ్గట్టు 'రాశారు', 'చెప్పారు'. గౌరవ బహువచనంలో లింగం కనిపించకపోవడం తెలుగు క్రియకు ఉన్న గొప్ప సౌకర్యం.

దగ్గరగా ఒక రికార్డు చూద్దాం. ఎ. రేవతి ఆత్మకథకు పి. సత్యవతి చేసిన తెలుగు అనువాదం 'ఒక హిజ్రా ఆత్మకథ'. 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందిన పుస్తకం. ఇది ఎవరో ఎక్కించినప్పుడు నవలల్లో పడి, సబ్జెక్ట్ లేకుండా ఉంది. ఇప్పుడు 041లో మొదటి ఇండికేటర్ 1, భాష తెలుగు, మధ్య భాష ఇంగ్లీషు, మూల భాష తమిళం. 100లో రేవతి, 700లో అనువాదకురాలు. 650లో హిజ్రాలు, ట్రాన్స్ స్త్రీలు. 655లో ఆత్మకథలు. కాల్ నంబరు 306.768092. రచయిత అథారిటీ రికార్డులో లింగం రాసే 375 ఫీల్డ్ వాడటం లేదు. సహకార కేటలాగింగ్ కార్యక్రమమైన పీసీసీ 2022లో ఇదే సూచించింది. పేరు మార్చుకున్న రచయితల పాత పేరు, ఆ పేరుతో పుస్తకం అచ్చయి ఉంటే తప్ప ఇతర పేర్లుండే 400లో చేర్చం. అచ్చయి ఉన్నా, జీవించి ఉన్న రచయితనైతే ముందు అడగాలి.

4వ వారం: గుంపుగా మార్చబోయి చేసిన తప్పు

కోహాలో రికార్డులను గుంపుగా మార్చే పనిముట్టు ఉంది. మార్పు నమూనా ఒకటి రాసి, వందల రికార్డుల మీద ఒకేసారి నడపొచ్చు. వెనక్కి తీసుకునే బటన్ మాత్రం లేదు.

సబ్జెక్ట్, నోట్ ఫీల్డుల్లో 'నపుంసకులు', 'బృహన్నలలు' ఉన్నచోట కొత్త మాట రావాలని నమూనా రాశాం. పూర్తి మాటకు బదులు 'నపుంసక', 'బృహన్నల' అనే ముక్కల మీద రాయడం పొరపాటు. టెస్ట్ సర్వర్‌లో నడిపాక చూస్తే సంస్కృత వ్యాకరణ పుస్తకాల్లోని 'నపుంసక లింగం' మారిపోయింది. విరాటపర్వం మీది విమర్శ గ్రంథంలో అర్జునుడి మారువేషం పేరే పోయింది. 'లింగ' మీద ఇంకో నమూనా నడపబోయి ఆగాం. నడిపి ఉంటే వ్యాకరణం, లింగ పురాణం, వీరశైవ గ్రంథాలు అన్నీ కలిసిపోయేవి.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి: ముందు మొత్తం ఎగుమతి. మార్పు పూర్తి మాట మీద, 650లో మాత్రమే, అదీ కాల్ నంబరు 306, 362, 616 పరిధిలో ఉన్న రికార్డుల మీదే. 491, 494.827, 894.827లను గుంపు మార్పు నుంచి పూర్తిగా తప్పించాం. తెలుగు సాహిత్యం చేత్తోనే. ఒక్కో దఫా 50 రికార్డులు. దఫా తర్వాత 10 రికార్డులు కళ్లతో చూసి, ఒక్క తప్పున్నా 50నీ వెనక్కి ఎక్కించడం. నెమ్మదిగా సాగుతుంది, అయినా ఇంతకంటే వేగం మంచిది కాదు.

5వ వారం: వెతికితే రాని మాట

కొత్త హెడింగులు ఎక్కాయి. పబ్లిక్ టెర్మినల్ దగ్గర 'ట్రాన్స్‌జెండర్' అని కొడితే పుస్తకాలు వచ్చాయి. ఫోన్ నుంచి అదే మాట కొడితే సున్నా.

కారణం కంటికి కనిపించని ఒక అక్షరం. 'ట్రాన్స్‌జెండర్'లో స్ పొల్లుకూ జె అక్షరానికీ మధ్య యూ+200సి అనే కోడ్ ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే జ ఒత్తుగా కిందికి దిగి 'ట్రాన్స్జెండర్' అవుతుంది. కొన్ని కీబోర్డులు ఆ కోడ్‌ను తామే పెడతాయి, కొన్ని పెట్టవు. కొందరు విసిగి 'ట్రాన్స్ జెండర్' అని ఖాళీ ఇచ్చి కొడతారు. మనిషికి మూడూ ఒకటే, ఇండెక్స్‌కు మూడు వేర్వేరు మాటలు. గే, హిజ్రా వంటి పొట్టి మాటలకు ఈ బాధ లేదు. ఇంటర్‌సెక్స్‌కు ఉంది.

సరిచేసిన వరస:

మొదట, కోహా వెతుకులాటకు వాడే జెబ్రా ఇండెక్స్, అన్ని లిపులకూ పనికొచ్చే ఐసీయూ పద్ధతిలో ఉందో లేదో చూడాలి. పాత ఇన్‌స్టలేషన్లు సీహెచ్‌ఆర్ అనే పద్ధతిలో ఉంటాయి, అది తెలుగుకు పనికిరాదు. ఐసీయూకి మార్చి, సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో యూజ్ ఐసీయూ (కొత్త వెర్షన్లలో యూజ్ ఐసీయూ స్టైల్ కోట్స్) కూడా ఆన్ చేయాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కొన్ని వెతుకులాటలు ఏ కారణం చెప్పకుండా విఫలమవుతాయి.

తర్వాత, మాటలను సరిచేసే నియమాల వరుస ఉండే ఐసీయూ చైన్ ఫైల్‌లో 200సి, 200డి కోడ్‌లను తీసేసే ట్రాన్స్‌ఫార్మ్ వరుస ఒకటి, మాటలను విడగొట్టే వరుసకు ముందు. ఫైల్‌లో మొదటే ఉన్న కంట్రోల్ అక్షరాలను తీసేసే నియమం చాలదా అనిపిస్తుంది. చాలదు, ఈ కోడ్‌లు యూనికోడ్‌లో కంట్రోల్ వర్గం కావు, ఫార్మాట్ వర్గం. అదే చైన్ వెతికే మాట మీద కూడా నడుస్తుంది కాబట్టి ఇటు, అటు రెండూ ఒకే రూపానికి వస్తాయి.

ఖాళీతో రాసే రూపానికి ఇది మందు కాదు. దాన్ని 450లో చేర్చాం. 450లో ఉన్నంత మాత్రాన పుస్తకాల వెతుకులాటకు అది అందదు. ఇన్‌క్లూడ్ సీ ఫ్రమ్ ఇన్ సర్చెస్ అనే ప్రిఫరెన్స్ ఆన్ చేయాలి, ఆపైన ఇండెక్స్ మొత్తం తిరిగి కట్టాలి. ఈ చివరి పని చేయక రెండు రోజులు పోగొట్టుకున్నాం. ప్రిఫరెన్స్ మార్చగానే ఫలితం వస్తుందనుకోవద్దు.

పరీక్షకు 20 మాటలు, ఒక్కోటి మూడు రూపాల్లో, నాలుగు రకాల కీబోర్డుల నుంచి. ఈ పట్టికను దాచిపెట్టుకోవాలి. కోహా వెర్షన్ మార్చిన ప్రతిసారీ చైన్ ఫైల్ పాత రూపానికి పోయే ప్రమాదం ఉంది.

6వ వారం: బీరువా

ఈ పుస్తకాలు కొన్ని తాళం వేసిన అద్దాల బీరువాలో ఉండేవి. 'అడిగితే ఇస్తాం' అనే ఏర్పాటు. కౌంటర్ దగ్గర నలుగురి ముందు పేరు గట్టిగా చెప్పి అడగాలి. ఆ మాట నోటితో అనలేకనే చాలామంది వెనుదిరుగుతారు. అన్నింటినీ తెరిచిన ర్యాక్‌లోకి, 306 వరసలో మామూలు చోటికి తెచ్చాం. పోతాయనే భయం సహజమే. పోయేవాటికి రెండో ప్రతి కొనడానికి కొంత డబ్బు పక్కన పెట్టాం. దొంగతనం భయంతో తాళం వేస్తే మొదట నష్టపోయేది అడగలేని పాఠకుడే.

ఈ సముదాయాల గుర్తైన ఇంద్రధనుస్సు స్టిక్కర్ వెన్ను మీద వేయాలని ఒక సూచన వచ్చింది. వద్దనుకున్నాం. బస్సులో, హాస్టల్ గదిలో, ఇంట్లో టేబుల్ మీద ఆ స్టిక్కర్ పుస్తకం కంటే ముందు మాట్లాడుతుంది. గుర్తు కావాలంటే తలుపు మీద, నోటీసు బోర్డు మీద, సిబ్బంది బ్యాడ్జి మీద పెట్టొచ్చు. పుస్తకం మీద వద్దు. పుస్తకాల జాబితాను కరపత్రంగా వేసి, పోటీ పరీక్షల జాబితా, ఆరోగ్య జాబితాలతో పాటు ఒకే స్టాండులో పెట్టాం. ఎవరు ఏది తీసుకున్నారో పక్కవాళ్లకు తెలియదు.

7, 8 వారాలు: పాఠకుడి జాడలు

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్నది కోహాలో ఒక్క చోట కాదు, చాలా చోట్ల ఉంటుంది. కాగితం మీద గీసుకుంటే ఇలా వచ్చింది. తిరిగి ఇచ్చిన పుస్తకాల పాత పట్టిక. గణాంకాల పట్టిక. చర్యల లాగ్, ఇష్యూ లాగ్ ఆన్‌లో ఉంటే. చివరి పాఠకుడిని గుర్తుంచుకునే స్టోర్ లాస్ట్ బారోవర్. రిజర్వేషన్ల పాత పట్టిక. జరిమానా వరుసలోని వివరణ, అందులో పుస్తకం పేరు తేదీతో సహా పడుతుంది. పంపిన సందేశాల క్యూ. లాగిన్ అయి వెతికినవాళ్ల వెతుకులాట చరిత్ర. అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రిపూట తీసే బ్యాకప్‌లు.

పని వరస: ఒక డమ్మీ సభ్యుడిని తయారుచేసి, ఆ సభ్యుడి అంతర్గత బారోవర్ నంబర్‌ను అనానిమస్ పేట్రన్ ప్రిఫరెన్స్‌లో పెట్టాలి. కార్డు నంబరు పెట్టడం మామూలుగా జరిగే తప్పు, పెడితే పేరు తొలగింపు పనిచేయదు. తిరిగి ఇచ్చిన పుస్తకాల పట్టికలో అసలు సభ్యుడి స్థానంలో ఈ డమ్మీని పెట్టే బ్యాచ్ అనానిమైజ్ అనే క్రాన్ పనిని (తనంతట తానే నడిచేది) 30 రోజులకు పెట్టాం. చిరిగిన పుస్తకం గొడవలు తేలడానికి ఆ 30 రోజులు చాలు. చరిత్రను ఎప్పటికీ ఉంచమని కోరుకున్న సభ్యులది చెరగదు, అది వాళ్ల ఇష్టం. కానీ ఆ ఎంపిక అర్థం తెలుగులో ఒక వాక్యంగా తెర మీద రాశాం. గణాంకాలు, లాగ్‌లు, సందేశాలు, వెతుకులాటలు క్లీనప్ డేటాబేస్ పనితో విడిగా శుభ్రం చేయాలి, మొదటి క్రాన్ వాటిని తాకదు. రిజర్వేషన్ల పట్టిక మీ వెర్షన్‌లో శుభ్రం అవుతోందో లేదో ఒక పరీక్షా సభ్యుడితో తేల్చుకోవాలి. బ్యాకప్‌లు 30 రోజులకు మించి ఉంచడం లేదు. ఏడాది పాత డంప్ ఒకటి బీరువాలో హార్డ్ డిస్క్ మీద ఉంటే పైన చేసిన పని అంతా వృథా.

గడువు దాటిన ఎస్సెమ్మెస్‌లో పుస్తకం పేరు ఉండేది. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్న కుటుంబాలు ఎన్నో. ఆ ఒక్క సందేశం చాలు. పేరు తీసేశాం. వ్యాపార సందేశాల నమూనాలు టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ అయిన డీఎల్‌టీలో రిజిస్టర్ అయి ఉండాలి కాబట్టి నమూనా మారిస్తే మళ్లీ ఆమోదం తీసుకోవాలి. అంతవరకు పాత నమూనా సందేశాలు ఆపేశాం. కొత్తది: 'మీ దగ్గరున్న 2 పుస్తకాల గడువు 14-08తో ముగిసింది. -గ్రంథాలయం'. గుణింతం గుర్తులు, పొల్లులు, ఖాళీలు కలిపి లెక్కిస్తే 59. తెలుగు ఎస్సెమ్మెస్‌కు ఒక భాగంలో 70 పడతాయి, అది దాటితే భాగానికి 67 లెక్కన రెండు సందేశాల ఖర్చు. పేరు తీయడం వల్ల ఖర్చు కూడా సగమైంది. యాజమాన్యం దగ్గర ఈ మాట పనికొచ్చింది.

సభ్యత్వ ఫారం నుంచి 'తండ్రి / భర్త పేరు' గడి తీసేశాం. ఇంటి నుంచి వెళ్లగొట్టబడినవాళ్లు ఆ గడి దగ్గరే ఆగిపోతారు. శ్రీ, శ్రీమతి, కుమారి పోయి పేరు తర్వాత 'గారు' వచ్చింది. లింగం గడి వార్షిక నివేదికకు అడుగుతున్నారు కాబట్టి ఉంచాం. స్త్రీ, పురుషుడు, ట్రాన్స్‌జెండర్, ఇతర, చెప్పదలచుకోలేదు అనే ఎంపికలు పెట్టి, తప్పనిసరి గుర్తును తీసేశాం. కార్డు మీద అచ్చయ్యేది పిలిచే పేరు. గుర్తింపు పత్రంలోని పేరు డిపాజిట్ రశీదులో మాత్రమే, సిబ్బంది తెర మీద కూడా రెండో వరుసలో. అన్నిటికంటే కష్టమైంది హామీదారు సంతకం. గెజిటెడ్ అధికారి సంతకం తెచ్చుకోగల హిజ్రాలు ఎందరు ఉంటారు? హామీ లేనివాళ్లకు డిపాజిట్ ఎక్కువ పెట్టాలని మొదట అనుకున్నాం. అది పేదరికానికి జరిమానా అవుతుంది. ఒకసారికి ఒకే పుస్తకం, హామీ లేకుండా, మామూలు డిపాజిట్‌తో. మూడు నెలలు సక్రమంగా తిరిగిస్తే మామూలు సభ్యత్వం.

9వ వారం: కాగితాల పెట్టె

కరపత్రాలు, ప్రైడ్ పోస్టర్లు, పత్రికల కత్తిరింపులు, ఫొటోలతో నిండిన ఒక పెట్టె దానంగా వచ్చింది. హైదరాబాద్‌లో ప్రైడ్ నడక 2013లో మొదలైంది. ఆ కాలపు కాగితాలు ఇప్పుడిప్పుడే ఇళ్లలోంచి బయటికి వస్తున్నాయి.

స్కానింగ్: కాగితాలు 300 డీపీఐ, ఫొటోలు 600, మూల ప్రతి టిఫ్. ప్రతి ఫైల్‌కూ ఫైల్ మారితే పట్టిచ్చే షా-256 చెక్‌సమ్. మూడు కాపీలు, అందులో ఒకటి వేరే భవనంలో. చదివేవాళ్లకు ఇచ్చే కాపీలోంచి ఎక్సిఫ్‌టూల్‌తో జీపీఎస్ వివరాలు తీసేయాలి. ఫోన్‌తో తీసిన ఫొటోలో ఒకరి ఇంటి చోటు దాగి ఉంటుంది. న్యూస్‌ప్రింట్ ఆమ్లం వల్ల పసుపెక్కి పక్క కాగితాన్ని కూడా పాడుచేస్తుంది కాబట్టి కత్తిరింపులను విడి కవర్లలో పెట్టాం.

అనుమతి పత్రంలో మూడు స్థాయిలు: అందరికీ, చదువు గదిలో మాత్రమే, ఫలానా తేదీ వరకు ఎవరికీ కాదు. అనుమతి ఇచ్చిన తేదీని తప్పక నమోదు చేయాలి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ విషయంలో, అది నేరం కాదన్న ఢిల్లీ హైకోర్టు తీర్పు 2009 జూలై 2న వచ్చింది. సుప్రీంకోర్టు 2013 డిసెంబరు 11న దాన్ని కొట్టేసింది. మళ్లీ 2018 సెప్టెంబరు 6న పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉన్న సంబంధం నేరం కాదన్నది. 2010లో ధైర్యంగా ఫొటోకు నిలబడిన మనిషి 2014లో అదే ఫొటోకు భయపడి ఉండొచ్చు. పాత అనుమతిని శాశ్వతంగా తీసుకోకుండా, దొరికినవాళ్లను మళ్లీ అడుగుతున్నాం. దొరకనివాళ్ల ముఖాలు కనిపించే ఫొటోలు రెండో స్థాయిలోనే. దాత ఒక్కరి సంతకం ఫొటోలోని అందరి సంతకం కాదు. కత్తిరింపుల్లో అరెస్టయినవాళ్ల పేర్లు ఉన్నాయి. పత్రికలో అచ్చయినదే అయినా, ఆ పేర్లను కేటలాగు సూచికలోకి ఎక్కించలేదు.

పెట్టెలో హైదరాబాద్ సంస్థానపు పాత చట్టం నకలు ఒకటి, 1329 ఫసలీ (నిజాం రాజ్యంలో వాడిన సంవత్సరాల లెక్క) నాటిది. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం, 1919 వస్తుంది. ఫసలీ సంవత్సరం జనవరిలో మొదలుకాదు కాబట్టి తేదీ ఫీల్డులో 1919–1920 అని రాశాం. హైదరాబాద్ నగరంలోని 'యూనక్స్' పేర్లతో రిజిస్టరు నడపమని, ఆడవాళ్ల బట్టలతో వీధిలో ఆడిపాడితే శిక్షించమని చెప్పిన చట్టం ఇది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసేదాకా చట్టాల పుస్తకాల్లో ఉంది. 245లో చట్టం పేరు ఉన్నది ఉన్నట్టే ఉంచాం, మార్చితే పరిశోధకుడికి అది దొరకదు. పక్కన 500లో ఆ మాట ఆనాటి ప్రభుత్వ మాట అన్న వివరణ, 650లో హిజ్రాలు. ఒక నగరంలో మనుషుల పేర్లు ఇలా రాసిపెట్టిన చరిత్ర ఉన్నప్పుడు, ఎవరు ఏం చదివారో రాసి ఉంచే మన పట్టికను కూడా అదే కళ్లతో చూడాలి. ఏడో వారం పని ఎందుకని సిబ్బంది అడిగితే ఈ చట్టం నకలు చూపిస్తున్నాం.

10వ వారం: మిగిలినవి

ఉర్దూ హెడింగులు మొదలుపెట్టలేదు. పాత నగరం నుంచి వచ్చే పాఠకులకు అవి ముందుగా కావాల్సింది, వరస తప్పాం. వచ్చే దఫాలో మొదటి పని అదే.

కథా సంపుటాలు చేత్తో చూడటం సగం దాకా వచ్చింది. సంపుటంలో ఒక్క కథ ఉన్నా 505లో కథల పేర్లన్నీ ఎక్కించి, ఆ ఒక్క కథకు హెడింగ్ ఇస్తున్నాం.

పదజాలం చూసిన నలుగురిలో ఇద్దరు 'స్వలింగ ఆకర్షణ' కంటే 'స్వలింగ ప్రేమ' మేలంటున్నారు. ప్రస్తుతానికి అది 450లో ఉంది. ఆరు నెలల తర్వాత ఏ మాటతో ఎన్నిసార్లు వెతికారో, సభ్యుల పేర్లు లేని మొత్తం లెక్క మాత్రమే తీసి, మళ్లీ కూర్చుంటాం. ఎంపిక మారితే 150, 450 చోట్లు తారుమారు చేసి అథారిటీ లింకులు తిరిగి నడపాలి. కాల్ నంబర్లు మారవు, లేబుళ్లు మళ్లీ అతికించే పని ఉండదు.